ఆర్నోల్ రాతి పూరిల్లూ, మమ్మల్ని మోసగించిన బసా

స్కాట్లండ్‌లోని లూయిస్ దీవికి వెళ్ళేవారు ‘సంప్రదాయ రాతి పూరింట్లో బస’ అన్న ప్రకటన చూసి తొందరపడి డబ్బు కట్టవద్దు. రాత్రికి 145 పౌండ్లు తీసుకొని మాకిచ్చినది, సిమెంటు గోడలకు రాతి పలకలు అతికించి, పైన ప్లాస్టిక్ గడ్డి పరచిన గది. దాని చూరు రాత్రంతా గాలికి టపటపా కొట్టుకోవడంతో మా అత్తగారికి కంటిమీద కునుకు లేదు. తెల్లవారాక ఎవరితోనూ మాట్లాడలేదు. యజమానిని నిలదీస్తే, అది సంప్రదాయ ‘శైలి’ మాత్రమేనని చెప్పి ఒక్క పౌండు కూడా వెనక్కి ఇవ్వలేదు. స్కాట్లండ్ ప్రధాన భూభాగంలోని ఉల్లాపూల్ నుంచి లూయిస్ రేవు పట్టణం స్టోర్నోవేకు ఓడ ప్రయాణం మాత్రం హాయిగా సాగింది.

అసలైన రాతి పూరిల్లు అదే దీవిలో, ఆర్నోల్ గ్రామంలోని 42వ నంబరుది. 19వ శతాబ్దం చివర్లో కట్టిన ఆ ఇంట్లో 1966 వరకు మనుషులు కాపురమున్నారు. దానికి బయటికి వాలిన చూరే లేదు. మన పూరిళ్ళలో మట్టిగోడ తడవకుండా చూరు దించుతాము. అట్లాంటిక్ గాలికి అలాంటి చూరు చిక్కితే కప్పే లేచిపోతుంది. అందుకని సున్నం లేకుండా పేర్చిన రెండు రాతిగోడల నడుమ మట్టి కూరి, కప్పును లోపలి గోడ మీదనే ఆపారు. కప్పు మీది వాననీరు ఆ మట్టిలోకి ఇంకుతుంది, తడిసిన మట్టి గాలి చొరబడే సందులను మూసేస్తుంది. చెట్లు అరుదైన దీవి కనుక ఇలాంటి ఇళ్ళ వాసాలకు సముద్రం ఒడ్డుకు తెచ్చిన కలప కూడా వాడేవారు. వాసాల మీద పచ్చిక పెళ్ళలు, వాటిపై గడ్డి పరచి, రాళ్ళు వేలాడదీసిన తాళ్ళతో బిగించేవారు.

పొగగొట్టమూ లేదు. ఇంటి నడుమ నేలమీదే రాజుకునే పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి వంటచెరకుగా వాడే మట్టి) నిప్పు పొగ గడ్డిలోంచి బయటికి పోతుంది. మసి పట్టిన పాత గడ్డిని పొలాలకు ఎరువుగా వేసేవారు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవారని విన్నాక, పాడి మధ్య పెరిగిన మా అత్తగారికి హుషారు వచ్చింది. నేల వాలు ఎటుందో, పేడ ఎలా ఎత్తేవారో అడిగి అడిగి చెప్పించుకున్నారు.

గడ్డికప్పు కిందే నిద్రించాలనుకుంటే, 1974లో చివరి నివాసులు వెళ్ళిపోయాక పునరుద్ధరించిన, అదే దీవిలోని గెరానన్ పల్లెలో అడగండి. ఎక్కడైనా సరే, డబ్బు కట్టేముందు గోడకూ కప్పుకూ మధ్యనున్న అంచు ఫొటో తెప్పించుకొని చూడండి. ఆదివారం ఆ దీవిలో చాలా చోట్ల తలుపులు మూసి ఉంటాయి కనుక, ఆర్నోల్‌కు మరో రోజు పెట్టుకోండి.