ఆయిల్ పాన్ హీటర్ కొనేవాళ్లకు హెచ్చరిక: వెనక కాగితం ఊడదీయక ముందే ఓమ్‌లు కొలవండి

మిన్నెసోటా, నార్త్ డకోటాలోనూ, కెనడాలో విన్నిపెగ్, ఎడ్మంటన్ వైపూ ఉండే మనవాళ్లు చాలామంది అక్టోబరు రాగానే ఆయిల్ పాన్ హీటర్ల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటారు. చలికి ఆయిల్ చిక్కబడకుండా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌కి అంటించే సిలికోన్ ప్యాడ్ గురించే ఈ పోస్టు. "250 వాట్లు, ఆటో థర్మోస్టాట్, అన్ని కార్లకూ సరిపోతుంది" అని రాసి, ఇరవై డాలర్ల లోపు అమ్ముతున్న ఊరూపేరూ లేని ప్యాడ్లు కొనకండి. కొనేసి ఉంటే అంటించకండి, ముందు కొలవండి. వెనక జిగురు మీద కాగితం ఉన్నంతవరకే అది వాపసు ఇవ్వగలిగే సరుకు. కాగితం ఊడదీశారంటే ఇక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అలాంటి ప్యాడ్ ఒకటి బల్ల మీద పెట్టి చూస్తే తేలింది ఇదీ. మీద 120 వోల్టులు, 250 వాట్లు అని ముద్ర. ప్లగ్ రెండు బ్లేడ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి నిరోధం (కరెంటుని తీగ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) కొలిస్తే 194 ఓమ్‌లు. వోల్టేజీని వోల్టేజీతో గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 120ని 120తో గుణిస్తే 14,400. దాన్ని 194తో భాగిస్తే 74 వాట్లు. అదే 220 వోల్టులతో లెక్క వేయండి: 48,400ని 194తో భాగిస్తే దాదాపు 250. అంటే 220 వోల్టుల కరెంటుకి చేసిన సరుక్కి ఇక్కడి ప్లగ్ తగిలించి, లేబుల్ మార్చి పంపారన్నమాట. ఆర్డర్ చేసేటప్పుడు "ప్లగ్: యూఎస్" అని ఎంచుకుంటే మారేది ప్లగ్ ఒక్కటే, లోపలి తీగ చుట్ట మారదు. ఇంకో సంగతి: ప్లగ్‌కి మూడు కాళ్లున్నాయి కానీ కేబుల్ కోసి చూస్తే లోపల తీగలు రెండే. ఎర్త్ పిన్ ఎక్కడికీ వెళ్లడం లేదు. లేబుల్ మీద ఉన్న గుర్తు యూరప్‌లో వాడే సీఈ ఒక్కటే. ఆ గుర్తు అమెరికాలో గానీ కెనడాలో గానీ భద్రతా ధ్రువీకరణ కింద చెల్లదు. ఇక్కడ చూడాల్సినవి యూఎల్, ఈటీఎల్, సీఎస్ఏ గుర్తులు. కెనడాలో అయితే యూఎల్, ఈటీఎల్ గుర్తు పక్కన చిన్న "సి" కూడా ఉండాలి. గుర్తుతో పాటు ఫైల్ నంబరో కంట్రోల్ నంబరో ఉంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. గుర్తు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది, జాబితాలో పేరు ఎక్కించుకోవడం అంత తేలిక కాదు.

కాబట్టి పార్సిల్ వచ్చిన రోజే మల్టీమీటర్ తీయండి. 120 వోల్టుల ప్యాడ్‌కి ఉండాల్సిన ఓమ్‌లు: 100 వాట్లయితే 144, 125కి 115, 150కి 96, 200కి 72, 250కి 58. పది శాతం అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. తర్వాత మీటర్ ముల్లు ఒకటి ఎర్త్ పిన్ మీద, రెండోది బ్లేడ్ మీద పెట్టండి. ఏ అంకే రాకూడదు. చిన్న అంకె కనిపించినా లోపల ఎక్కడో తగులుతోందన్నమాట. అక్టోబరులో కొని డబ్బా గ్యారేజీలో పడేసి, జనవరిలో మైనస్ 25 వచ్చాక తీసేవాళ్లకి వాపసు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు. "వేడెక్కుతుందా లేదా" అని ప్యాడ్‌ని బల్ల మీద పెట్టి ప్లగ్ పెట్టడం. దాని వేడిని పాన్ లోహమూ, దాని వెనకున్న ఆయిలూ లాక్కుంటాయనే లెక్క మీదే ఆ ప్యాడ్‌ని తయారు చేస్తారు. గాలిలో ఉంటే ఆ వేడి పోయే దారి ఉండదు. కొద్దిసేపట్లోనే జిగురు పాడవుతుంది, ఇంకాసేపు ఉంచితే సిలికోన్ మాడుతుంది. "టెస్ట్ చేశా, బాగా వేడెక్కింది" అని ఐదు నక్షత్రాలిచ్చిన రివ్యూలు చూసే ఉంటారు. అవి మంచి ప్యాడ్‌ని కూడా చెడగొట్టే సలహాలు. ఆయిల్ మార్చేటప్పుడూ అంతే, పాన్ ఖాళీగా ఉండగా ప్లగ్ పెట్టకూడదు.

లేబుల్ మీద వాట్లు నిజమే అయినా, ప్యాడ్ సైజు చూడకుండా కొనకండి. పేరున్న ప్యాడ్లలో 150 వాట్లది దాదాపు 4 × 5 అంగుళాలు, 250 వాట్లది దాదాపు 5 × 7 ఉంటాయి. అంటే చదరపు అంగుళానికి ఏడెనిమిది వాట్లు. చవక సరుకులో 3 × 4 అంగుళాల్లో 250 వాట్లని రాసి ఉంటుంది. లెక్క వేస్తే అంగుళానికి 20 దాటుతుంది. అది అబద్ధమైతే మీకు వేడి రాదు. నిజమైతే ఇంకా నష్టం: ఆ చిన్న జాగాలో పాన్ గోడని ఆనుకున్న ఆయిల్ మాడి నల్లటి పూతలా గట్టిపడుతుంది. ఆ పూత వేడిని ఆయిల్లోకి పోనివ్వదు, దాంతో ప్యాడ్ ఇంకా కాలుతుంది.

ఎక్కువ వాట్లుంటే తొందరగా వేడెక్కుతుంది కదా అనే ఆలోచన ఎక్కడ బెడిసికొడుతుందో చెబుతాను. నాలుగు సిలిండర్ల కారులో ఆయిల్ నాలుగున్నర లీటర్లు అనుకుందాం, బరువు నాలుగు కిలోలకి కొంచెం తక్కువ. ఒక డిగ్రీ పెంచడానికి ఏడెనిమిది కిలోజౌళ్లు చాలు. 150 వాట్ల వేడంతా ఆయిల్లోకే వెళ్తే గంటలో 70 డిగ్రీలు పెరగాలి. అంత పెరగదు, ఎందుకంటే పాన్, బ్లాక్, కింద నుంచి కొట్టే గాలి పంచుకుంటాయి. కానీ గాలి తగలని గ్యారేజీలో, థర్మోస్టాట్ లేని 250 వాట్ల ప్యాడ్‌ని చిన్న పాన్‌కి అంటించి రాత్రంతా వదిలేస్తే ఆ పంచుకునేవాళ్లు తగ్గిపోతారు. నాలుగు సిలిండర్ల కారుకి 125 నుంచి 150 వాట్లు చాలు. ఆరేడు లీటర్లు పట్టే పికప్ ఇంజిన్లకే 250. బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా బయట వాడదగిన టైమర్ పెట్టండి. "ఆటో థర్మోస్టాట్" అనే మాటని, ఎన్ని డిగ్రీల దగ్గర ఆగి ఎన్ని డిగ్రీల దగ్గర మళ్లీ మొదలవుతుందో రాసి ఉంటేనే నమ్మండి. ఆ రెండు అంకెలూ లేకపోతే థర్మోస్టాట్ లేనట్టే లెక్క.

ఇక "అన్ని కార్లకూ" అన్నది పచ్చి అబద్ధం. కొనకముందు కారు కిందకి దూరి పాన్ దేనితో చేశారో చూడండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం చాలు. అతుక్కుంటే స్టీలు. అతుక్కోకపోతే అల్యూమినియమో ప్లాస్టికో, గోటితో కొడితే చప్పుడు తేడా తెలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో పై సగం అల్యూమినియం, కింది చిన్న పాన్ స్టీలు ఉంటాయి. ప్యాడ్ రావాల్సింది ఆ కింది దానికే. ఫోర్డ్ ఎఫ్-150లో 2.7 లీటర్ల ఇంజిన్‌లాంటి వాటికి ప్లాస్టిక్ పాన్ వస్తుంది. ప్లాస్టిక్ వేడిని సరిగా పోనివ్వదు, దానికి ఈ ప్యాడ్ అంటిస్తే వేడి అక్కడే పోగుపడి పాన్ వంకర పోవచ్చు, లీకు కావచ్చు. అలాంటి బండికి కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) వేడి చేసే బ్లాక్ హీటరే దారి. జర్మన్ కార్లు కొన్నిటిలో పాన్ అడుగునే ఆయిల్ లెవెల్ సెన్సర్ ఉంటుంది. ప్యాడ్ దాన్నీ, దాని వైరునీ తాకకూడదు. పాన్‌కి ఉబ్బెత్తు నిలువు గీతలు, వెల్డింగ్ గుర్తులు, వంపులు ఉంటే ప్యాడ్ సమంగా అతకదు, అలాంటి పాన్‌కి కొనొద్దు. సైజు పెద్దదైందని కత్తిరించడం మాత్రం ఎప్పుడూ వద్దు, లోపల తీగ తెగుతుంది.

అయస్కాంతంతో పట్టుకునే హీటర్లు వేరే రకం. స్టీలు పాన్ మీదే నిలుస్తాయి. బండి కదిలే ముందు తీసేయాలి. మైనస్ 30లో, చీకట్లో, మంచులో పడుకుని రోజూ తీసేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. గుంతలో పడిన కుదుపుకి జారి ఎగ్జాస్ట్ పైపు పక్కన వేలాడితే వైరు కరుగుతుంది.

మంచి ప్యాడ్ కూడా ఎక్కువగా చెడిపోయేది అంటించడంలోనే. కిందటి శీతాకాలం అంటించింది ఈసారి ఒక మూల లేచి ఉందంటే, అక్కడ గాలి చేరిందని అర్థం. గాలి ఉన్నచోట లోహం వేడిని లాక్కోదు, సరిగ్గా ఆ చోటే ప్యాడ్ గోధుమరంగుకి తిరిగి, చివరికి కాలి చిల్లు పడుతుంది. అందుకే పని మంచు పడకముందే, పాన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు చేయండి. 10 డిగ్రీల లోపు చలిలో జిగురు పట్టదు. బండిని జాక్ మీదే వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపండి. కింది ప్లాస్టిక్ కవచం తీసి, బ్రేక్ క్లీనర్‌తో గ్రీజు వదిలించి, ప్యాడ్ కన్నా అరంగుళం వెడల్పుగా 80 నుంచి 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది పెయింటు పోగొట్టండి. పెయింటు మీద అంటిస్తే ప్యాడ్ పెయింటుని పట్టుకుంటుంది, పాన్‌ని కాదు. ఆపైన అసిటోన్‌తో శుభ్రమైన తెల్ల గుడ్డ నల్లబడనంతవరకు తుడవాలి. ఆయిల్ కారే డ్రెయిన్ బోల్టు గానీ రబ్బరు సీలు గానీ దగ్గర్లో ఉంటే ముందు ఆ లీకు సంగతి చూడండి. ఒక్క చుక్క చాలు, జిగురు వదిలేయడానికి.

కాగితం ఊడదీసేది ఇదంతా అయ్యాకే. ప్యాడ్‌ని ఒక అంచు నుంచి ఆనించడం మొదలుపెట్టి, ఆపైన మధ్య నుంచి బయటికి వేలితో గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. ఒకసారి అంటించాక లాగి మళ్లీ సర్దాలని చూడొద్దు. చుట్టూ అంచుకీ, వైరు బయటికొచ్చే చోటా అధిక వేడికి ఆగే ఆర్‌టీవీ సిలికోన్ పూయండి. రోడ్డు మీద ఉప్పునీళ్లు లోపలికి దూరకుండా ఆపేది అదే. కనీసం 24 గంటలు ఆగి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి. "రాత్రి అంటించి తెల్లవారి పెట్టాను, ఊడిపోయింది" అని వాపోయేవాళ్లు ఎక్కువగా తప్పిస్తున్న మెట్టు ఇదే.

వైరుని ఎగ్జాస్ట్‌కీ, బెల్టులకీ, ముందు చక్రాల యాక్సిల్ మీది రబ్బరు తొడుగులకీ దూరంగా తీసుకెళ్లి గ్రిల్ దగ్గర జిప్ టైలతో కట్టండి. ప్లగ్‌కి మూత తప్పనిసరి. ఉప్పు పట్టి పచ్చబడిన పిన్నులే సాకెట్‌లో వేడెక్కి కరిగేవి. ఎక్స్‌టెన్షన్ కార్డ్ మూడు కాళ్లదీ, బయట చలికి వాడదగినదీ, 14 లేదా 16 గేజ్‌దీ కావాలి. 150 వాట్లంటే ఒకటింపావు ఆంపియరే, కరెంటు భారం పెద్దదేం కాదు. అసలు భయం చలికి బిరుసెక్కి పగిలే ఇంటి కార్డులతోనే. సాకెట్ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రకం) అయి ఉండాలి. అది మాటిమాటికీ పడిపోతుంటే సాకెట్ మార్చేసి ఊరుకోకండి, ప్యాడ్ లోపలికి నీళ్లు చేరి ఉంటాయి. ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ ఉంటే మొదటి రోజూ, తర్వాత నెలకోసారీ చూడండి. 150 వాట్లది 100కి పడిందంటే లోపలి తీగ పాడవుతున్నట్టే. థర్మోస్టాట్ ఆపకుండానే సున్నా అయితే తెగినట్టే. కెనడాలో ఆఫీసు, అపార్ట్‌మెంటు పార్కింగుల్లో కొన్నిచోట్ల సాకెట్లకి కరెంటు ఆగి ఆగి వస్తుంది, అక్కడ సున్నా చూసి కంగారుపడి ప్యాడ్ పీకేయకండి.

హీటర్ పెట్టినా స్టార్ట్ కాలేదని ప్యాడ్‌ని తిట్టేవాళ్లు ఇంకో రకం. ఈ ప్యాడ్ ఆయిల్‌ని పలచగా ఉంచుతుంది, అంతే. బ్యాటరీ మీద రాసే సీసీఏ అంకె (చలిలో స్టార్ట్ చేయడానికి ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది) మైనస్ 18 సెల్సియస్ దగ్గర కొలిచింది. ఐదేళ్ల పాత బ్యాటరీకి ఆ అంకె కాగితానికే పరిమితం. లోడ్ టెస్ట్ చేయించండి. మాన్యువల్ ఒప్పుకుంటే 5డబ్ల్యూ బదులు, చలికి తక్కువ చిక్కబడే 0డబ్ల్యూ ఆయిల్ పోయించండి. 5డబ్ల్యూకి స్టార్టింగ్ చిక్కదనం పరీక్ష మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర. కారు లోపల తొందరగా వెచ్చబడాలంటే మాత్రం ఆయిల్ ప్యాడ్ పనికిరాదు, దానికి కూలెంట్ వేడెక్కాలి, బ్లాక్ హీటర్ వేయించుకోవాలి.

పొగ, మాడిన వాసన, కాలిన మచ్చ ఏది కనిపించినా ప్లగ్ పీకి, ప్యాడ్‌ని చెత్తలో వేయకుండా దాచండి. లేబుల్, ఓమ్‌ల రీడింగు, ఆర్డర్ నంబరు ఫోటోలు తీసి అమ్మకందారుకి రాతపూర్వకంగా పంపండి. "ఫోటోలు తొలగించండి, సగం డబ్బులిస్తాం" అంటే ఒప్పుకోకండి. అమెరికాలో కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్‌కి సేఫర్‌ప్రొడక్ట్స్ వెబ్‌సైట్‌లో, కెనడాలో హెల్త్ కెనడాకి ఆన్‌లైన్ ఫారంలో ఫిర్యాదు చేయొచ్చు. రెండిటికీ వస్తువు ఫోటో, మోడల్ నంబరు, ఎక్కడ ఎప్పుడు కొన్నారో చెప్పే రసీదు దగ్గర పెట్టుకోండి.