పన్నెండేళ్లుగా నా బల్ల మీద ఉన్న పుస్తకం: స్టీఫెన్ కింగ్ ‘ఆన్ రైటింగ్’

2013లో హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇది నాకు దొరికింది. అప్పటికి నాలుగు కథలు అచ్చయి, ఒక నవల నూట ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఉంది. ఆ తర్వాత రెండు నవలలు పూర్తి చేశాను. కనుక ఇది ఒకసారి చదివి రాస్తున్న అభిప్రాయం కాదు, వాడి చూసి చెబుతున్న మాట.

భయానక నవలలకు పేరుపొందిన అమెరికన్ రచయిత కింగ్ రాయగా 2000లో వెలువడిన ఈ పుస్తకం సగం ఆత్మకథ, సగం రచనా పాఠం. ఇది రాస్తున్న కాలంలోనే, 1999 జూన్‌లో, రోడ్డు పక్కన నడుస్తున్న కింగ్‌ను ఒక వ్యాన్ గుద్దింది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది చిత్తుప్రతిని కనీసం ఆరు వారాలు కంటికి కనబడకుండా దాచిపెట్టమన్న సలహా. మొదటి నవలకు దాన్ని లెక్కచేయలేదు; గడువు దగ్గరపడిందని రెండు వారాలకే ఒక పోటీకి పంపాను, తిరిగి వచ్చింది. కొన్నాళ్ల తర్వాత తెరిచి చూస్తే, రెండో అధ్యాయంలో కథానాయకుడికి పిన్ని అయిన మనిషి పదకొండో అధ్యాయానికి పెద్దమ్మ అయిపోయి ఉంది! ఆమె చుట్టూ తిరిగే ఆస్తి తగాదా అంతా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న దాని మీదే నిలబడింది. రాసిన వేడిలో నాలుగుసార్లు చదివినా ఆ తప్పు నా కంట పడలేదు. రెండో నవలను మాత్రం ఆరు వారాలు బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకు ఇచ్చాను.

తిరగరాసిన ప్రతి మొదటి ప్రతి కంటే పది శాతం తక్కువ ఉండాలన్న సూత్రం కింగ్‌కు 1966లో ఒక సంపాదకుడు కథను తిప్పి పంపుతూ రాసిన చీటీలో దొరికిందట. నా విషయంలో ఆ పది శాతం ఎక్కడో కాదు, అధ్యాయాల మొదట్లోనే దొరికింది: పద్నాలుగు అధ్యాయాలు తెల్లవారడంతో మొదలయ్యాయి, అందులో పన్నెండింటి ఆరంభాలు కొట్టేశాను.

అయితే కొన్ని నియమాలను తెలుగుకు తగ్గట్టు సర్దుకోక తప్పదు. కొత్తవారు రోజుకు వెయ్యి మాటలు రాయాలంటాడు ఆయన. ‘రాలేకపోయినందుకు’ అన్నది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో అదే భావానికి ఆరేడు మాటలు కావాలి. వెయ్యి లెక్కతో ఏడాది పాటు నన్ను నేను తిట్టుకున్నాక, ఐదు వందలకు దిగి స్థిమితపడ్డాను. క్రియావిశేషణాలను ఏరిపారేయమన్న ఆజ్ఞ కూడా అంతే. ‘కోపంగా అన్నాడు’లో ‘కోపంగా’ నిజంగానే దండుగ, ముందున్న సంభాషణ సరిగ్గా ఉంటే దాని అవసరం రాదు. కానీ ‘ఇల్లు చీకటిగా ఉంది’లో ‘గా’ను ఎక్కడికి పంపుతాం? సంభాషణకు ‘అన్నాడు’ చాలునన్న సలహా మాత్రం ఆయన ఊహించనంతగా మనకు పనికొస్తుంది, ఎందుకంటే అన్నాడు, అంది, అన్నారు అన్న తేడాలోనే మన పాత్రల మర్యాద, దూరం, చనువు ఉన్నాయి. మామగారిని అప్పటిదాకా ‘అన్నారు’ అంటూ వచ్చిన కథకుడు ఒక్కచోట ‘అన్నాడు’ అంటే, ఆయన మీద గౌరవం పోయిందని వేరే వాక్యం రాయనక్కర్లేదు. కర్మణి ప్రయోగం వద్దన్న పాఠం మనకు కొత్తేమీ కాదు. ‘చేయబడినది’ అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వుల్లో తప్ప ఎవరికి నచ్చుతుంది?

ప్లాటు ముందే వేసుకోకుండా పాత్రలు ఎదుర్కొనే పరిస్థితిని నమ్ముకోమన్న మాట నాకు కలిసిరాలేదు. మూడు తరాల కథకు సంవత్సరాల పట్టిక లేకపోతే మనవడు తాత కంటే ముందే పుట్టేస్తాడు.

రచనను వృత్తిగా నిలబెట్టుకోవడం గురించి చెప్పిన భాగం తెలుగు రచయితకు దాదాపు వ్యర్థం. రచయిత తరఫున ప్రచురణకర్తలతో బేరమాడే ఏజెంటుకు ఉత్తరం ఎలా రాయాలో వివరంగా ఉంది, ఏజెంటు అనే మనిషి మన ప్రచురణ లోకంలో సాధారణంగా తారసపడడు. తన మొదట అచ్చయిన నవల ‘క్యారీ’ గట్టి అట్ట ప్రతికి 2,500 డాలర్ల అడ్వాన్సు, పేపర్‌బ్యాక్ హక్కులకు 4 లక్షల డాలర్లు వచ్చాయన్న ఘట్టాన్ని నేను జానపద కథలా ఆనందిస్తూ చదువుతాను. నా రెండో నవల సొంత ఖర్చుతో వేసిన 500 ప్రతులు. పంపిణీదారు నలభై శాతం పట్టుకున్నాక మిగిలింది డీటీపీకి (కంప్యూటర్లో పేజీల కూర్పుకి), ప్రూఫులకు సరిపోయింది. ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారని, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాలు దగ్గర నిలబడితే పాఠకుడి ముఖం చూడవచ్చని నాకు తోటి రచయితలే చెప్పారు.

ఇంత చెప్పాక కూడా కొనమనే అంటాను, ముఖ్యంగా చివరనున్న కొన్ని పేజీల కోసం. అక్కడ కింగ్ తన కథ చిత్తుప్రతిని, దాని మీద తాను చేసిన కొట్టివేతలతో సహా అచ్చు వేసి, ఒక్కొక్క మార్పుకు కారణం చెప్పాడు. నా ప్రతిలో అట్ట ఊడిపోయింది, ఆ పేజీలు మాత్రం టేపు అతికించి కాపాడుకుంటున్నాను.