గెలవని పార్టీకి ఓటా, గెలిచేవాళ్లలో ఒకరికా: ఏది మేలు?

మా బాబాయిది విజయవాడ సత్యనారాయణపురం. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచీ కమ్యూనిస్టు. 2019లో సెంట్రల్ సీటులో జనసేన మద్దతుతో సీపీఎం నిలబడితే, ఎప్పట్లాగే సుత్తీ కొడవలి నక్షత్రం పక్కన మీట నొక్కి వచ్చాడు. తీరా లెక్కింపు అయ్యాక చూస్తే వైసీపీ అభ్యర్థి మల్లాది విష్ణు, టీడీపీ అభ్యర్థి బొండా ఉమా మీద 25 ఓట్లతో గెలిచారు. పాతిక! బాబాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే అంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి. సీపీఎంకు పడినవి వేలల్లో ఉన్నాయి. "మీ సుత్తి దెబ్బ ఎవరికి తగిలిందో చూశారా?" అని పిన్ని ఆ రోజు మొదలుపెట్టిన దెప్పుడు చాలా కాలం ఆగలేదు.

పిన్ని వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అమెరికాలో 2000 అధ్యక్ష ఎన్నిక దీనికి పెద్ద సాక్ష్యం. ఫ్లోరిడాలో రిపబ్లికన్ జార్జ్ బుష్, డెమొక్రాట్ అల్ గోర్ మీద 537 ఓట్లతో గట్టెక్కారు. అక్కడ గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నాడర్‌కు 97,488 ఓట్లు వచ్చాయి. వాళ్లంతా గోర్‌కు వేసేవాళ్లేనని చెప్పలేం, కొందరు అసలు ఇల్లు కదిలేవాళ్లే కాదు. కానీ తేడా తీర్చడానికి నాడర్ ఓట్లలో నూటికి ఒక్కటి అటు పడినా చాలు. ఆ ఒక్క రాష్ట్రంతోనే శ్వేతసౌధం చేతులు మారింది.

మరి విజయవాడ సెంట్రల్ ఫలితం తారుమారైతే ఏమయ్యేది? టీడీపీకి 23కు బదులు 24 సీట్లు వచ్చేవి, వైసీపీకి 151కి బదులు 150. ప్రభుత్వం అదే. దెప్పేటప్పుడు పిన్ని ఈ సంగతి ఎత్తదు. సీటులో హోరాహోరీ ఉండటం వేరు, ఆ సీటు మీద ప్రభుత్వం ఆధారపడటం వేరు. నచ్చినవాణ్ని పక్కనబెట్టి గెలిచేవాళ్లలో ఒకరికి వేసే వ్యూహం ఓటుకు పూర్తి విలువ రెండూ కలిసొచ్చిన చోటే.

ఇక నచ్చినవాడికే వేయడం. "ఎలాగూ గెలవడు, ఓటు మురిగిపోతుంది" అంటాం. అందరం అదే అనుకుంటే గెలవడు మరి! 2009లో కూకట్‌పల్లి ఓటర్లు అలా అనుకోలేదు కాబట్టే లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ అసెంబ్లీకి వెళ్లారు. రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్క సీటే అనుకోండి.

నా లెక్కలో ఇంతకంటే గట్టి కారణం ఇంకోటి ఉంది. ఓడిన ఓట్లు ఊరికే పోవు. 2019లో జనసేన గెలిచింది రాజోలు ఒక్కటే, పవన్ కల్యాణ్ రెండు చోట్లా ఓడిపోయారు. అయినా ఆ ఓట్లు జిల్లాలవారీగా లెక్కల్లో కనబడుతూనే ఉన్నాయి. 2024లో పొత్తు బేరం కుదిరిందంటే వాటి బలం మీదే. 21 సీట్లు తీసుకున్నారు, 21 గెలిచారు. 2019లో వాళ్లందరూ 'తెలివిగా' ఇంకొకరికి వేసుంటే బేరమాడటానికి ఏముండేది? గుర్తు సంగతీ అంతే. రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావాలంటే ఉన్న దారుల్లో ఒకటి ఆరు శాతం ఓట్లు, రెండు అసెంబ్లీ సీట్లు. ఆ గుర్తింపు లేకనే 2024లో జనసేన పోటీ చేయని కొన్ని చోట్ల దాని గుర్తు గాజు గ్లాసు ఇండిపెండెంట్ల చేతికి పోయి కూటమికి టెన్షన్ పెట్టింది.

అయితే నచ్చిన పార్టీ మన ఓటును ఎక్కడికి మోసుకెళ్తుందో కూడా చూసుకోవాలి. 2009లో కాంగ్రెస్ వద్దని జనం ఓటేస్తే 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం, 2011లో ఆ కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది.

నోటా గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. దానికే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే ఎమ్మెల్యే. డిపాజిట్ లెక్కలోకి కూడా ఆ ఓట్లు రావు. కోపం తీర్చుకోవడానికి బాగుంటుంది.

నిజానికి ఈ తలనొప్పి మనుషులది కాదు, బ్యాలెట్‌ది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఇది ఉండదు. మొదటి ప్రాధాన్యం మనసుకు నచ్చినవాడికి, రెండోది గెలిచే అవకాశమున్నవాడికి. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైసీపీ అభ్యర్థి ముందున్నా, వెనకబడి పోటీ నుంచి తప్పుకున్నవాళ్ల ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు కలిపేసరికి టీడీపీ భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గెలిచారు. అసెంబ్లీకి ఆ వీలు లేదు, ఒక్కటే మీట.

అందుకే నన్నడిగితే, మీ సీటులో గత రెండు ఎన్నికల మెజారిటీలు చూడండి. వేలల్లో తేడా ఉండి, గాలి కూడా ఒకవైపే ఉంటే నిశ్చింతగా నచ్చినవాడికే వేయండి. వందల్లో ఉండి, రాష్ట్రంలోనూ నువ్వా నేనా అన్నట్టుంటే, ఇద్దరిలో ఎవరు గెలిస్తే మీకు ఎక్కువ నష్టమో తేల్చుకుని రెండోవాడికి వేయండి. ఇద్దరూ ఒకటే అనిపిస్తే ఇక వ్యూహం దేనికి?

కాకపోతే పాత మెజారిటీ చూసి వేసినా ఒక్కోసారి ఇలా అవుతుంది. 2024లో సీపీఎం మళ్లీ నిలబడింది. పిన్ని పోరు పడలేక బాబాయి జీవితంలో మొదటిసారి సైకిల్ మీద నొక్కాడు. బొండా ఉమా 68 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. టీవీ కట్టేసి బాబాయి పిన్ని వైపు తిరిగాడు: "ఇప్పుడు చెప్పు, ఏ ఓటు మురిగిందో."