అప్‌టైమ్ కూమా: నెట్ పోయిందని చెప్తుంది, నత్తనడక నడుస్తోందని మాత్రం చెప్పదు

హన్మకొండ, కాజీపేట, పర్కాల వైపు చిన్న ఆఫీసులకు, డయాగ్నస్టిక్ ల్యాబులకు, ఒక కోచింగ్ సెంటర్‌కు నెట్‌వర్క్ చూసుకునే పని నాది. ఈ పనిలో అసలు పరువు తక్కువ ఎక్కడంటే, నెట్ పోయిందని క్లయింట్ ఫోన్ చేసి చెప్తే తప్ప మనకు తెలియకపోవడం. దానికోసమే అప్‌టైమ్ కూమా వాడుతున్నా, రౌటర్లు, సర్వర్లు, సైట్లు పలుకుతున్నాయో లేదో అస్తమానం చూస్తూ, పోతే మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ ఇది. చాలామంది ఇన్‌స్టాల్ చేసిన రోజే డ్యాష్‌బోర్డు ఫోటో పెట్టి సూపర్ అంటారు. నిజంగా సూపరే, కాదనను. కానీ కొన్నాళ్లు వాడితే తప్ప బయటపడని సంగతులు ఉన్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు మంచి మాటలు. ఇది లూయిస్ లామ్ అనే డెవలపర్ 2021లో బయటికి తెచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎమ్‌ఐటీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే డబ్బాలో సర్ది నడిపే పద్ధతి) తెలిస్తే ఒక్క కమాండ్‌తో లేస్తుంది, బ్రౌజర్‌లో 3001 పోర్టు కొడితే పేజీ వస్తుంది. ఒక జాగ్రత్త: మొదటిసారి ఆ పేజీ ఎవరు తెరిస్తే వాళ్లనే అడ్మిన్ అకౌంట్ పెట్టుకోమంటుంది, కాబట్టి ఇన్‌స్టాల్ చేసి చాయ్‌కి పోకండి, అకౌంట్ పెట్టాకే పోండి. ఇదే పని చేసే పాత సాఫ్ట్‌వేర్ నాగియోస్‌తో పోలిస్తే ఇది హాయి. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలైన ఆ నాగియోస్ ఇప్పటికీ గట్టిదే, కానీ ఒక కొత్త రౌటర్ చేర్చాలంటే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి రాసి, ఎక్కడా బ్రాకెట్ తప్పకుండా చూసుకుని, రీలోడ్ కొట్టాలి. అలాంటిదే జాబిక్స్, ఇంకా పెద్ద సామాను, వందల స్విచ్‌లు ఉన్న క్యాంపస్‌కు అదే కరెక్ట్, పది పదిహేను చోట్లు చూసుకునేవాడికి మాత్రం దాన్ని చూసుకోవడానికే ఇంకో మనిషి కావాలి.

కూమాలో మానిటర్, అంటే ఒక్కో చెకింగ్, పెట్టడం అంటే ఒక ఫారం నింపడమే. పింగ్ (ఉన్నావా అని పంపే చిన్న పలకరింపు), టీసీపీ పోర్టు (సర్వర్‌లో ఒక్కో సర్వీసుకు ఉండే తలుపు), వెబ్ పేజీ, డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది), ఇలా రకాలు ఉంటాయి. కొత్తవాళ్లందరూ చేసేది 8.8.8.8కి ఒక పింగ్ పెట్టి చేతులు దులుపుకోవడం. దానికి పింగ్ అందితే ఏం తెలుస్తుంది, గూగుల్ దాకా దారి ఉందని తెలుస్తుంది, అంతే. ల్యాబ్‌లో రిపోర్టులు పోవాలంటే డీఎన్‌ఎస్ పలకాలి, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ లాగిన్ పేజీ రావాలి, లోపలి సర్వర్‌లో డేటాబేస్ పోర్టు తెరిచి ఉండాలి. నేను ఒక్కో ల్యాబుకు నాలుగు పెడతా: లోపలి రౌటర్‌కు పింగ్, ఆపరేటర్ వైపు గేట్‌వేకు పింగ్, డీఎన్‌ఎస్ ఒకటి, లాగిన్ పేజీకి కీవర్డ్ మానిటర్ (పేజీలో ఒక మాట ఉందో లేదో చూసేది) ఒకటి. నాలుగింట్లో ఏది ఎర్రబడిందో చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. మొదటిది పోతే ల్యాబులో కరెంటో, ఎవరో ప్లగ్ పీకడమో. రెండోది పోతే ఫైబర్, అంటే ఎక్కడో జేసీబీ తవ్వుతోందని అర్థం. కీవర్డ్ మానిటర్‌ని మాత్రం తక్కువ అంచనా వేయకండి. పేజీ 200 కోడ్, అంటే అంతా బాగుందనే జవాబు, ఇస్తూనే తెల్లగా ఖాళీగా రావచ్చు, మామూలు వెబ్ మానిటర్ దాన్ని పచ్చగానే చూపిస్తుంది. పేజీలో "లాగిన్" అనే మాట ఉందో లేదో చూడమంటే మోసపోదు.

రీట్రైల సంగతి సెట్ చేయకుండా అలర్టులు ఆన్ చేస్తే రాత్రి నిద్ర ఉండదు. ఒక్క ప్యాకెట్ (నెట్‌లో పోయే డేటా ముక్క) పోయినా డౌన్ అని టెలిగ్రామ్‌లో మెసేజ్, నిమిషానికే అప్ అని ఇంకోటి. నిమిషానికోసారి చెకింగ్, పోతే 20 సెకన్ల తేడాతో మూడుసార్లు మళ్లీ చూడమని పెట్టుకుంటే సరిపోతుంది, నిజంగా పోయినప్పుడే మోగుతుంది.

ఇక అసలు లోపాలు. మొదటిది కూమా తప్పు కాదు, దాన్ని పెట్టే చోటుది. కూమాని ల్యాబులోనే ఒక పాత డెస్క్‌టాప్‌లో పెడితే, ల్యాబు నెట్ పోయినప్పుడు అది పోయిందని చక్కగా గుర్తిస్తుంది, కానీ ఆ మాట మీదాకా రావడానికి అదే నెట్ కావాలి కదా! కాబట్టి కూమా బయట ఉండాలి, ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక చిన్న క్లౌడ్ సర్వర్ మీద. సరే బయట పెట్టాం, అక్కడి నుంచి ల్యాబు రౌటర్‌కు పింగ్ కొడదామంటే ఇంకో చిక్కు. మన దగ్గర లోకల్ ఆపరేటర్లలో చాలామంది పబ్లిక్ ఐపీ ఇవ్వరు, రౌటర్‌లో చూస్తే వ్యాన్ అడ్రస్, అంటే ఆపరేటర్ వైపు అడ్రస్, 100.64తోనో 10తోనో మొదలవుతుంది. అది సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచడం) వెనకున్న కనెక్షన్, బయటి నుంచి దాన్ని పలకరించే దారే లేదు. నాలుగింట్లో లోపలి మూడింటికీ అదే గతి, కీవర్డ్ ఒక్కటే బయటి నుంచి నడుస్తుంది, అదీ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో ఉంటేనే. అందుకే లోపల ఒక కూమా, బయట ఒక కూమా రెండూ నడిపిస్తా. స్టాటిక్ ఐపీకి వేరే డబ్బులు కట్టమంటే ల్యాబు ఓనరు ముఖం అదోలా పెడతాడు.

బయటి కూమాకు పనికొచ్చేది పుష్ మానిటర్, నా లెక్కన ఈ సాఫ్ట్‌వేర్ మొత్తంలో ఇదే బంగారం. కూమా ఒక లింక్ ఇస్తుంది, లోపలున్న పరికరమే నిమిషానికోసారి ఆ లింక్‌ని తట్టాలి, తట్టు రాకపోతే కూమా డౌన్ అంటుంది. మైక్రోటిక్ రౌటర్ ఉంటే షెడ్యూలర్‌లో ఆ లింక్‌ని తెరవమనే ఒక ఫెచ్ లైన్ రాస్తే చాలు, వేరే కంప్యూటర్ అక్కర్లేదు. పబ్లిక్ ఐపీ గొడవ లేదు, పోర్టులు తెరవడం లేదు.

రెండో లోపం కూమాదే, టైటిల్‌లో అన్నది ఇదే. ఇది ఉందా లేదా అనే చూస్తుంది, ఎలా ఉందో సరిగ్గా చూడదు. రెస్పాన్స్ టైమ్ గ్రాఫ్ ఒకటి గీస్తుంది కానీ అది చెక్ చేసిన ప్రతిసారీ వచ్చిన ఒక్క అంకె. కోచింగ్ సెంటర్ ఆన్‌లైన్ క్లాసుల్లో సార్ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని పిల్లలు గోల చేస్తుంటే కూమా మాత్రం పచ్చగా, వంద శాతం అని నవ్వుతూ కూర్చుంది. దానికి స్మోక్‌పింగ్ కావాలి. నెట్ ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఎమ్ఆర్‌టీజీ రాసిన టోబియాస్ ఓటికర్‌దే ఇదీ, పాతది, చూడ్డానికి అందంగా ఉండదు. మామూలుగా అయిదు నిమిషాలకోసారి 20 పింగులు కొడుతుంది, మధ్య విలువను గీతగా గీస్తుంది, మిగతావి ఎంత చెల్లాచెదురుగా వచ్చాయో దాని చుట్టూ బూడిదరంగు పొగలా చూపిస్తుంది, ప్యాకెట్లు పోతే గీత రంగు మారుతుంది. కోచింగ్ సెంటర్ గ్రాఫ్‌లో పగలంతా సన్నటి పచ్చ గీత, 9, 10 మిల్లీసెకన్ల దగ్గర. రాత్రి 8 దాటగానే పొగ లేస్తుంది, గీత 90 దాకా పోతుంది, 11 తర్వాత మళ్లీ కిందికి. రోజూ అదే ఆకారం.

పింగ్ హైదరాబాద్ దాకా పోయి రావాలనుకుందాం. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, రానూపోనూ కలిపినా ఒకటిన్నర మిల్లీసెకన్లే. పగలు తొమ్మిది అంటే దారి మలుపులు, మధ్యలో పెట్టెలు. రాత్రి తొంభై అంటే దూరం పెరగలేదు కదా, లైన్ నిండిపోయి ప్యాకెట్లు క్యూలో నిలబడుతున్నాయి. ఆపరేటర్ దగ్గరి అబ్బాయికి ఫోన్ చేస్తే ఎప్పటి మాటే: "అన్నా, మా దిక్కు అంతా మంచిగనే ఉంది, ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్‌రి." వారం గ్రాఫ్ వాట్సాప్ చేశా. కాసేపు ఏం రిప్లై లేదు, తర్వాత "సార్‌తోని మాట్లాడి చెప్తనే" అన్నాడు. తర్వాత ఆ ఏరియాకు బ్యాండ్‌విడ్త్ పెంచారు. కూమా వంద శాతం స్క్రీన్‌షాట్ పంపి ఉంటే నన్నే తిప్పికొట్టేవాళ్లు.

ఆ శాతాల గురించి కూడా ఒక మాట. స్టేటస్ పేజీ పెట్టి క్లయింట్‌కి లింక్ ఇవ్వొచ్చు, బాగుంటుంది, కానీ 30 రోజుల శాతం 99.7 అని కనబడితే ఓనరు మురిసిపోతాడు, మనమూ మురిసిపోతాం. 30 రోజుల నెలలో 720 గంటలు, అందులో రెండు గంటలు పోతే లెక్క 99.7 వస్తుంది. ఆ రెండు గంటలూ పొద్దున 8 నుంచి 10 దాకా, పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు వరసలో కూర్చున్న టైమ్ అయితే ల్యాబులో ఎవరికీ ఆ 99.7 గుర్తుండదు. అర్ధరాత్రి 2కి పోయిన గంటకూ పొద్దున పోయిన గంటకూ కూమా ఒకటే మార్కు వేస్తుంది. నేను నెల చివర డౌన్ లిస్ట్ తెరిచి టైములు చూసి చెప్తా, శాతం చెప్పను.

ఇంకొకటి, నేను వాడే వెర్షన్‌లో పేరెంట్ చైల్డ్ పద్ధతి లేదు. మెయిన్ లింక్ పోతే దాని వెనకున్న ప్రింటర్, కెమెరా డీవీఆర్, సర్వర్, అన్నీ విడివిడిగా డౌన్ అని అరుస్తాయి. నాగియోస్‌లో రౌటర్‌ని పేరెంట్‌గా చూపిస్తే వెనకున్నవాటిని డౌన్ అనదు, అందడం లేదు అంటుంది, ఆ తేడా విలువ మేడారం జాతరలో జనం మధ్య నిలబడి ఫోన్ సిగ్నల్ కోసం తిరుగుతున్నప్పుడు తెలుస్తుంది. నెట్ అందగానే అలర్టులన్నీ గుంపుగా వచ్చి పడతాయి, ఏది మూలమో వెతుక్కోవాలి. గ్రూపులు ఉన్నాయి కానీ అవి చూడ్డానికే, అలర్టులు ఆగవు.

చిన్నవి రెండు, రెండూ నచ్చినవే. సైటు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గడువు తీరేముందు, 21, 14, 7 రోజులు ఉందనగా చెప్తుంది. ఈ సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 2025 జూన్ నుంచి గడువు మెయిళ్లు పంపడం ఆపేశారు, కాబట్టి దీని అవసరం పెరిగింది. రెండోది తలకిందుల మోడ్: కనెక్ట్ అయితే డౌన్, కాకపోతే అప్. స్టాటిక్ ఐపీ ఉన్న చోట రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టుకు దీన్ని బయటి నుంచి పెట్టండి. టాలీ కోసమని ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేస్తే ఆ నిమిషమే తెలుస్తుంది.

ఎవరికి పనికొస్తుందంటే నాలాగా కొన్ని చోట్లు చూసుకునేవాళ్లకు, ఇంట్లో సర్వర్ పెట్టుకున్న స్టూడెంట్లకు. అయిదుకి నాలుగు ఇస్తా, పక్కన స్మోక్‌పింగ్ పెట్టుకుంటారనే నమ్మకంతో. 1వ వెర్షన్ వాడేవాళ్లు 2కి మారేముందు కంటైనర్ ఆపి డేటా ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకోండి. పాత రికార్డులు ఎక్కువుంటే మొదటిసారి లేవడానికి బాగా టైమ్ తీసుకుంటుంది, ఆగిపోయిందనుకుని మధ్యలో రీస్టార్ట్ కొట్టకండి. ఆ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ డ్రైవ్ మీద అసలే పెట్టొద్దు, డేటాబేస్ పాడవుతుంది.