మా పార్కు షటిల్ కోర్టు: ఆరేళ్లు ఆడాక

హైదరాబాద్‌లో మా కాలనీ పార్కులో రెండు షటిల్ కోర్టులు ఉన్నాయి. 2019 చివర్లో ఇక్కడికి ఇల్లు మారిన దగ్గర్నుంచి, లాక్‌డౌన్‌లో పార్కు మూసేసిన నెలలు పోను, వారానికి నాలుగైదు రోజులు వాటిలోనే ఆడుతున్నాను. ఈ మధ్య పక్క కాలనీ వాళ్లు తమ పార్కులో కూడా కోర్టు వేయించుకోవాలని మా దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు. నేలకి ఎంత అయింది, లైట్లకి ఎంత అయింది, నెట్ ఎక్కడ కొన్నారు, అన్నీ అడిగారు. వంతులు ఎలా చూసుకుంటున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాయాలనిపించింది.

ముందు నేల సంగతి. మొదట్లో ఉత్త సిమెంటు. మూడు నెలలు ఆడేసరికి మోకాళ్లు పట్టేసేవి. తర్వాత దాని మీద రంగు కోటింగ్ వేయించారు. కాళ్లకి కాస్త హాయిగా ఉంది కానీ, అడుగున సిమెంటుకి సరైన వాలు పెట్టలేదు. వాన పడితే ఒక మూల నీళ్లు నిలుస్తాయి, రెండు రోజుల్లో నాచు పడుతుంది. మాతో ఆడే ఒకాయన అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి వానాకాలంలో ముందు వచ్చినవాళ్లు వైపర్‌తో నీళ్లు లాగి, ఆ మూల తుడిచాకే నెట్ కట్టాలి. కొత్తగా వేయించుకునేవాళ్లు కోటింగ్ రంగుల గురించి ఆలోచించే ముందు ఒక బకెట్ నీళ్లు పోసి అవి ఎటు పారుతున్నాయో చూసుకోవాలి.

రెండోది దిక్కు. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. వాకింగ్ ట్రాక్ పక్కన స్థలం అలాగే కుదిరిందని మాది తూర్పు పడమరలుగా వేశారు. పొద్దున ఏడు దాటితే పడమటి వైపు ఆడేవాళ్లకి ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. పైకి లేచిన షటిల్ కాక్ కనిపించదు. పదకొండు పాయింట్లకి తప్పనిసరిగా వైపు మారుతున్నాం. లైట్లు కూడా మొదట కోర్టు రెండు చివర్లా పెట్టారు, తల ఎత్తితే కళ్లు చెదిరేవి. పక్కలకి మార్పించాక రాత్రి ఆట బాగుంది.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకోగలిగినవే. ఈ కోర్టు దాదాపు పాడైపోయే దాకా వచ్చింది తాళం చెవి వల్ల.

2020 తర్వాత పార్కు మళ్లీ తెరిచినప్పుడు నెట్ చిరిగిపోయి ఉంది. మేం ఎనిమిది మంది తలా కొంత వేసుకుని కొత్త నెట్ కొన్నాం, గేటుకి తాళం వేశాం. చెవి మా దగ్గరే. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా మా బ్యాచ్. సాయంత్రం ఇంకో బ్యాచ్. కొత్తవాళ్లు వస్తే "బ్యాచ్ ఫుల్ అండీ" అనేవాళ్లం. డబ్బులు పెట్టింది మేమే కదా, అందులో తప్పేముందని నేనూ అనుకున్నాను.

2022లో ఒక సాయంత్రం మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లతో కోర్టుకి వెళ్లి పావుగంటలో తిరిగి వచ్చేసింది. "ఇది బ్యాచ్ టైమ్ అంట, ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు" అంది. కాసేపాగి, "నాన్నా, పొద్దున మీరు కూడా ఇలాగే చెప్తారా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. పార్కు అందరిదీ. ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఎవరు ఆడతారు? ఆ మాట మేం రెండేళ్లుగా ఎంతమందికి చెప్పామో ఆ రాత్రి లెక్కపెట్టుకుంటే చాలా బాధేసింది.

కమిటీలో మాట్లాడితే రెండు నెలలు గొడవలే. కొంతమంది మానేశారు కూడా. చివరికి ఒప్పుకున్న పద్ధతి ఇదీ. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. కంచెకి వరసగా పన్నెండు కొక్కేలు పెట్టాం. వచ్చినవాళ్లు బ్యాటు తగిలించాలి, వరస ప్రకారం నలుగురు దిగాలి. ఒక్క గేమ్, 21 పాయింట్లు. గెలిచినవాళ్లు ఇంకో గేమ్ ఉండొచ్చు, మూడోది లేదు. ఆరుగురి కంటే ఎక్కువ మంది ఎదురుచూస్తుంటే 15 పాయింట్లకే ఆట. ఈ 15 సంగతి చెప్పింది చిన్నప్పుడు బడిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన ఒక పెద్దాయన. ఆ ఆటలో జట్టుకి ఐదుగురు, అంటే ఒక్క ఉన్ని బంతితో పదిమంది ఆడతారు. "మా రోజుల్లో బయట కూర్చునేవాడే ఉండేవాడు కాదు బాబూ" అంటారాయన.

మొదటి నెలలోనే ఒక లొసుగు బయటపడింది. ఒకరు వచ్చి ఇంట్లో ఉన్న ముగ్గురి బ్యాట్లు కూడా తగిలించేసేవారు. "బ్యాటు ఉంటే మనిషీ ఉండాలి" అని ఇంకో రూలు రాశాం. ఆడవాళ్లకి మేం పొద్దున పది గంటల టైమ్ ఇస్తామన్నాం. ఎవరికీ అక్కర్లేని టైమ్ మాకిస్తారా అని నిలదీశారు, న్యాయమే. ఇప్పుడు వారంలో మూడు రోజులు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఒక కోర్టు వాళ్లదే. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఒక కోర్టు పిల్లలది.

బాగా ఆడేవాళ్లకి ఈ పద్ధతిలో ఇబ్బంది ఉంది. వరసలో ఎవరొస్తే వాళ్లతో ఆడాలి కాబట్టి గట్టి ఆట పడదు. వాళ్లకి నేను ఇండోర్ కోర్టుకే వెళ్లమని చెప్తాను. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచి అకాడమీ పెట్టాక, సైనా 2012లో, సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చాక ఈ ఊళ్లో గంటకింత అని ఇచ్చే కోర్టులకి కొదవ లేదు. బయట కోర్టులో గాలితో వేగక తప్పదు. ఆషాఢం గాలుల్లో ఐదు గ్రాముల ఈకల కాక్ ఎటు పోతుందో చెప్పలేం, అందుకే మేం నైలాన్‌వి వాడతాం. ఎండాకాలం వేడి గాలిలో కాక్ వేగం పెరుగుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఆకుపచ్చ పట్టీ ఉన్న నెమ్మది రకం కొనండి. దుకాణంలో అడక్కుండా ఇచ్చేది నీలం పట్టీది, అది మధ్యరకం వేగం.

పోయిన ఏడాది పికిల్‌బాల్ వచ్చింది, చిల్లుల ప్లాస్టిక్ బంతిని చిన్న గట్టి బ్యాటుతో నెట్ మీదుగా కొట్టే ఆట. దాని కోర్టు కూడా 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పే, మన డబుల్స్ కోర్టు కొలతే. కాబట్టి సులువు అనుకున్నాం. కానీ మన సర్వీసు గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటే వాళ్ల గీత ఏడు అడుగుల దగ్గర ఉంటుంది. రెండూ తెల్లగీతలే కావడంతో రోజూ తగాదా. వాళ్లది పసుపు చేశాక సరిపోయింది. నెట్ మనది ఐదు అడుగుల పైన, వాళ్లది మూడు అడుగుల లోపు. దించి ఎక్కించే స్తంభాలు కొనాల్సి వచ్చింది. అసలు సమస్య చప్పుడు. ఆ ప్లాస్టిక్ బంతి టకటకా మోగుతుంటే ఎదురింటి వాళ్లకి నిద్ర ఉండదు. పొద్దున ఏడు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత వద్దన్నాం. పికిల్‌బాల్ వాళ్లు మంచి మనసుతో ఒప్పుకున్నారు.

ఖర్చుకి ఇంటికి నెలకి రెండు వందలు తీసుకుంటున్నాం, ఇవ్వలేనివాళ్లని అడగం. డబ్బు కట్టినంత మాత్రాన వరసలో ముందుకి రానివ్వం.

మా వైపు ఉండేవాళ్లు ఎవరైనా రావచ్చు. రద్దీ తక్కువ కావాలంటే మంగళ, బుధవారాల్లో పొద్దున ఐదున్నరకి రండి. బ్యాటు లేకపోతే వాచ్‌మన్ గదిలో రెండు పాతవి ఉంటాయి, అడిగి తీసుకుని కొక్కేనికి తగిలించండి.