తేనెపెట్టె డాబా మీద మేలా, పెరట్లో మేలా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి ఎవరు అడిగినా ఇదే ప్రశ్న. దాని వెనకే ఇంకోటి, "మున్సిపాలిటీ వాళ్ళేమైనా అంటారా?" అని. తేనెటీగలు పెంచేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, మంచిదే, కానీ ఆ కాగితం చూపించినంత మాత్రాన పక్కింటావిడ ఊరుకోదు. మన దగ్గరున్న జంతువు వల్ల ఎవరికీ ప్రమాదం రాకుండా జాగ్రత్తపడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జంతువంటే మనిషి కాని ప్రాణి ఏదైనా అని అదే చట్టం చెప్తోంది, అంటే తేనెటీగ కూడా. న్యూసెన్స్ అని ఫిర్యాదు వెళ్తే పెట్టె తీసేయమని సబ్ కలెక్టర్ ఆర్డరు వేయొచ్చు.

అందుకే నేను మొదట చూసేది ఈగలు ఏ ఎత్తున పోతున్నాయన్నదే. పెరట్లో మునగచెట్టు నీడ ఉంటుంది, మే నెలలో అది చిన్న విషయం కాదు. కానీ మనవి గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు, పెట్టెలోంచి బయటికొచ్చిన ఈగ నడుమెత్తున దూసుకెళ్ళి వెనకసందులో నడిచేవాళ్ళకి తగులుతుంది. ఈగలు బయటికొచ్చే పెట్టె మూతికి ఎదురుగా కాస్త దూరంలో మనిషికన్నా ఎత్తు తడిక కడితే పైకి లేచి పోతాయి, అయితే అంత పెరడుండాలి.

డాబా మీదైతే ఆ బాధ లేదు, తలల మీదుగా పోతాయి. ఎండకి శ్లాబు కాలుతుంది కాబట్టి తాటాకు పందిరి తప్పదు. పెట్టెని తాడుతో బిగించడం కూడా తప్పదు, 2018 తిత్లీ తుపాను చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అసలు గొడవలు కుట్టడం కన్నా బట్టల దగ్గర ఎక్కువొస్తాయి. ఈగలు ఎగురుతూనే విసర్జిస్తాయి, తీగ మీద ఆరేసిన తెల్ల పంచె నిండా పసుపు చుక్కలు. అందుకని పక్కవాళ్ళ దండేనికి దూరంగా ఉన్న మూలన పెట్టండి. మొదటి రోజు నుంచే గులకరాళ్ళు వేసిన నీళ్ళపళ్ళెం ఉంచండి, ఒకసారి పక్కింటి కుళాయికి అలవాటు పడితే మళ్ళించడం కష్టం.

నా ఓటు డాబాకే. అద్దె ఇల్లయితే ఓనరు దగ్గర ముందే రాయించుకోండి.

ఇటాలియన్ ఈగలు కోరాపుట్ వలిసె చేలవెంట పెట్టెలు తిప్పేవాళ్ళకి, ఇంటికి మన తొర్ర ఈగలు చాలు. కుట్టని ముసురు ఈగలతో గొడవే రాదు, తేనె కూడా పెద్దగా రాదు. ఊరి బయట ఎవరిదో జీడితోటలో పెడితే చీమలు పట్టినరోజు చూసేదెవరు?

పెట్టె తెరిచే రోజు మాత్రం పక్కింట్లో ముందే చెప్పండి, డాబా మీదున్నా సరే, మూత తీసిన కాసేపూ ఈగలు చిరాగ్గానే ఉంటాయి.