పెట్టె ఇంకా రాలేదు, ఆట మొదలైపోయింది

ముందే చెప్పేస్తున్నా, ఇది పెట్టె విప్పి రాస్తున్న రివ్యూ కాదు. ‘ది వన్ రింగ్’ అని, పాచికలు వేస్తూ కథ నడిపించుకునే ఆట ఒకటుంది. దాని స్టార్టర్ సెట్‌కి (కొత్తవాళ్ళ కోసం వేసిన పెట్టె) డబ్బు కట్టి నలభై మూడు రోజులైంది. ఎక్కడ కొన్నానో చెప్పను గానీ, వాళ్ళ ట్రాకింగ్ పేజీలో పదహారు రోజులుగా ఒకటే మాట: దారిలో ఉంది. ఏ దారిలోనో వాళ్ళకీ తెలిసినట్టు లేదు. ఉండబట్టలేక అసలు రూల్‌బుక్ పీడీఎఫ్ కొనేశాను. తిరుపతిలో మా అక్కవాళ్ళింట్లో రెండు ఆదివారాలు ఆడేశాం కూడా. కాబట్టి ఇది సగం పీడీఎఫ్ మీద రివ్యూ, సగం రాని పెట్టె మీద ఎదురుచూపు.

నాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ పని. సీజన్ వచ్చిందంటే గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి, నాకు రాత్రి డ్యూటీలు పడతాయి. గుజ్జు చుక్క తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద వేయడం, బ్రిక్స్ (తీపి లెక్క) 14 దాటిందా లేదా చూసి రిజిస్టర్లో రాయడం, మళ్ళీ ఇంకో బ్యాచ్. ఆ మధ్యలో దొరికే పావుగంటల్లో ఫోన్లో ఈ పుస్తకం చదివాను. రెండు వందల పైచిలుకు పేజీలు. ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి, కళ్ళు మూతలు పడుతుండగా, ‘వీరీ’ అనే రూల్ దగ్గరికొచ్చాను. వీరీ అంటే బాగా అలిసిపోయిన స్థితి. నిద్ర ఎగిరిపోయింది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టోల్కీన్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ లోకంలో మనమే పాత్రలై కథ నడిపించుకునే ఆట ఇది. బోర్డు, పావులు ఉండవు. ఒకరు కథ చెబుతారు, ఆ మనిషిని లోర్‌మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర పట్టుకుని ‘నేనిలా చేస్తా’ అంటారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. దీన్ని తయారుచేసింది ఫ్రాన్సెస్కో నెపిటెల్లో అనే ఇటలీ ఆయన. మొదటి ఎడిషన్ 2011లో వచ్చింది. ఇప్పుడున్న రెండో ఎడిషన్ స్వీడన్‌కి చెందిన ఫ్రీ లీగ్ వాళ్ళది. 2021లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో అభిమానుల దగ్గర డబ్బు సేకరించి వేశారు.

ఇక ఆ వీరీ సంగతి. ప్రతి పాత్రకీ ఎండ్యూరెన్స్ అని ఒంట్లో సత్తువ లెక్క ఒకటుంటుంది. మోస్తున్న కత్తి, డాలు, కవచం బరువంతా కలిపి లోడ్ అని ఇంకో లెక్క. ప్రయాణంలో వచ్చే అలసట కూడా ఈ లోడ్‌కే కలుస్తుంది. సత్తువ తగ్గుతూ తగ్గుతూ లోడ్‌తో సమానమైనా, అంతకంటే దిగినా మనిషి వీరీ. అప్పుడు ఆరు ముఖాల పాచికల మీద 1, 2, 3 పడితే సున్నా కిందే లెక్క. చెయ్యి అదే, కత్తి అదే, విద్య ఎక్కడికీ పోలేదు. సగం ప్రయత్నం గాలికి పోతుందంతే. వరుసగా ఆరో రాత్రి డ్యూటీలో రిజిస్టర్లో తేదీ తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాసినవాడికి ఈ రూల్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పాచికల దగ్గరే మాకు చిక్కొచ్చింది. ఈ ఆటకి మామూలు పాచికలతో పాటు పన్నెండు ముఖాలది ఒకటి కావాలి. దాని మీద 1 నుంచి 10 వరకు అంకెలు, మిగతా రెండు ముఖాల మీద మంచి మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్తు, కథలో విలన్ సౌరాన్ కన్ను. గుర్తు పడితే పని అయిపోయినట్టే, కన్ను పడితే ఆ పాచిక సున్నా. పన్నెండు ముఖాల పాచిక కోసం తిరుపతిలో నాలుగు ఫ్యాన్సీ స్టోర్లు తిరిగాను. ఒకాయన లూడో డబ్బా తీసి ఇచ్చి ‘రెండు వేసి కూడుకోండి సార్, పన్నెండు వస్తుంది’ అన్నాడు. రెండు కూడితే ఒకటి ఎప్పుడు పడుతుందని అడగలేదు, ఆ లూడో డబ్బా మాత్రం కొన్నాను. చివరికి మా మేనల్లుడు (ఇంటర్ రెండో సంవత్సరం) నోట్‌బుక్ పేజీ చింపి పన్నెండు చీటీలు రాశాడు. గాండాల్ఫ్ గుర్తుకి బదులు శంఖం గీశాడు, సౌరాన్ కన్నుకి కాటుక కూడా పెట్టాడు. స్టీలు గ్లాసులో వేసి కుదిపి తీయడం. అసలు పాచికల మీద 1, 2, 3 అంకెలు లోపల నింపకుండా గీతలుగానే ఉంటాయి, వీరీ అయినవాడికి ఏవి చెల్లవో చూడగానే తెలిసేలా. పెట్టెలో నేను ఎదురుచూస్తున్నది ముఖ్యంగా వాటికోసమే.

ఆట మొదలయ్యాక నేననుకున్నదేదీ నేననుకున్నట్టు జరగలేదు. బ్రీ ఊరి నుంచి రివెండెల్ లోయకి ఒక ఉత్తరం చేర్చాలని కథ పెట్టాను. మేనల్లుడు ఉత్తరాది రేంజర్ (అడవులు తిరిగే వీరుడు) అయ్యాడు, వాడి స్నేహితుడు లిండన్ ఎల్ఫ్ (ముసలితనం రాని జాతి). బావ డేల్ ఊరి యోధుడు. అక్క హాబిట్, అంటే పొట్టి మనుషుల జాతి. అక్క అసలు టీ ఇచ్చి వెళ్ళిపోదామని వచ్చింది. ప్రయాణంలో నలుగురికి నాలుగు పనులుంటాయి: దారి చూపేవాడు, వేటాడి తిండి తెచ్చేవాడు, కాపలా కాసేవాడు, ముందు వెళ్ళి చూసొచ్చేవాడు. నేనిది చదువుతుంటే అక్క నిలబడే అడిగింది: “మరి నీళ్ళెవరు మోస్తార్రా?”

అక్క అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. 3,550 మెట్లలో ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ కూర్చుంటే మళ్ళీ లేవలేమో ఆమెకి కాళ్ళే చెబుతాయి. గాలిగోపురం దాకా ఉషారుగా పరిగెత్తినవాళ్ళు మోకాళ్ళ పర్వతం దగ్గర ఏమవుతారో చూసిన మనిషి. ఆమెకే దారి చూపే పని ఇచ్చాం. బావ మాత్రం పుస్తకంలో ఉన్నవాటిలోకెల్లా బరువైన గొలుసుల కవచం ఎంచుకున్నాడు, దానొక్కదాని లోడే 12. పైన శిరస్త్రాణం, పెద్ద డాలు.

“అంత ఇనుము మోసుకుని ఎక్కడికండీ?” అంది అక్క.

“యుద్ధానికే.”

“యుద్ధం ఎక్కడుందో అక్కడిదాకా నడవాలి కదా. ఇక్కడ లగేజి కౌంటర్ లేదు.”

అలిపిరిలో సంచి అప్పగిస్తే కొండమీద తీసుకోవచ్చు. ఈ ఆటలో ఆ సౌకర్యం లేదు. వెదర్‌టాప్ కొండ దాటేసరికి బావకి అలసట పేరుకుంది, ఆఖరి వంతెన దగ్గర మనిషి వీరీ. అక్కడ ఒక్క ట్రోల్ (కొండంత రాక్షసి) ఎదురైంది. బావ వరుసగా మూడుసార్లు కత్తి దూశాడు. పాచికల మీద 2, 3, 1. అన్నీ సున్నాలే. చిన్న బాణంతో హాబిట్ అక్కే ఆ గండం గట్టెక్కించింది. ఈ ఆట గొప్పతనం నాకు ఆ పూటే తెలిసింది. చాలా ఆటల్లో ప్రయాణం అంటే ‘మూడు రోజుల తర్వాత మీరు చేరుకున్నారు’ అనే ఒక్క ముక్క. ఇందులో నడకే సగం కథ. అసలు నవల్లోనూ అంతే కదా, వాళ్ళు పోరాడిన పేజీల కంటే నడిచిన పేజీలే ఎక్కువ.

హోప్, షాడో అని ఇంకో జత లెక్కలున్నాయి. ఆశ ఖర్చు పెట్టి అదనంగా పాచిక వేసుకోవచ్చు. భయం, దురాశ, చేసిన తప్పుడు పనుల వల్ల నీడ పెరుగుతుంది. ఆ నీడ మిగిలిన ఆశతో సమానమైందా, ఇక కన్ను పడినప్పుడల్లా పని చెడినట్టే. నిద్రపోతున్న వర్తకుడి గుర్రాన్ని తోలుకుపోదామని మేనల్లుడు ప్లాన్ వేశాడు. షాడో పెరుగుతుంది రా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “పోనీలే మామా, నడుద్దాం” అన్నాడు. ఇంట్లో వాడితో ఈ మాట అనిపించడానికి అక్క పదిహేడేళ్ళుగా ప్రయత్నిస్తోంది.

నచ్చనివీ ఉన్నాయి. ఒక రూల్ కోసం మూడు చోట్ల తిరగాలి, ఫోన్లో అయితే నరకం. పోరాటంలో ముందు నిలబడతావా, వెనకుంటావా అని భంగిమ ఎంచుకోవడమే తప్ప గదిలో ఎవరెక్కడున్నారో పటం మీద పావులు పెట్టి చూసుకోవడం ఉండదు. మేనల్లుడి స్నేహితుడికి అది చప్పగా అనిపించింది. పైగా మంత్రాలు వేసే మాంత్రికుడిగా ఆడతానని ఎల్ఫ్ అయ్యాడు పాపం. ఈ ఆటలో నిప్పుల వాన కురిపించడాలు లేవు. గాండాల్ఫ్ ఉన్నాడు గానీ, మనకి పని అప్పజెప్పే పెద్దమనిషిగానే. ఇంగ్లీషు కూడా కాస్త పాత వాసన. నేను చదివి తెలుగులో చెబుతున్నాను కాబట్టి మా ఇంట్లో నడిచింది.

స్టార్టర్ సెట్‌లో హాబిట్ల సొంత సీమ షైర్ చుట్టూ తిరిగే కథలుంటాయి. తయారుగా ఉన్న పాత్రల్లో డ్రోగో, ప్రిములా కూడా ఉన్నారు. ఫ్రోడోకి అమ్మానాన్నలు కాబోయేవాళ్ళు! నవల చదివినవాడికి ఆ పేర్లు చాలు, పెట్టెకోసం గేటు దగ్గర నిలబడటానికి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం నాలా తొందరపడి పెద్ద పుస్తకం కొనకండి, పెట్టెతోనే మొదలుపెట్టండి. నలుగురు దొరకకపోతే ఒంటరిగా ఆడుకునే పద్ధతి కూడా ఉంది, దాని పేరు స్ట్రైడర్ మోడ్. దానికి విడిగా ఇంకో చిన్న పీడీఎఫ్ కావాలి.

మూడో ఆదివారానికి కథ ట్రోల్‌షాస్ అడవిలో ఆగి ఉంది, బయట వాన, రివెండెల్ ఇంకా దూరమే. అక్క వారం మధ్యలో ఫోన్ చేసి పెట్టె వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. సరే, చీటీలు డబ్బాలో దాచానంది. బావ కవచం విప్పడానికి ఇంకా ఒప్పుకోలేదట.